మంద పడిన చేను

మాసి నెల దాటింది. కోవిల్‌పట్టి నుంచి సాత్తూరు మీదుగా విరుదునగర్ దాకా బస్సులో పోతే రెండు పక్కలా కోతైపోయిన నల్లచేలే. ఐప్పసి వానలదాకా వాటిలో పని లేదు. గొర్రెల మందలు దిగేది ఇప్పుడే. కీదారులు రాత్రికి చేలో కిడై కడతారు. మన ఇళ్లల్లో దాన్ని మంద కట్టడం అంటాం.

ఈ ఏడు మందల్ని కాలనీల పక్కన దిగనియ్యకూడదని మనలో కొందరు అంటున్నారు. దుమ్ము, వాసన, మన మేకలకు రోగం అంటుకుంటుందనే భయం. తీసిపారేసే మాటలు కావు. కానీ మంద రాకపోతే ఏం పోతుందో కూడా లెక్క చూడాల కదా? మనలో సగం ఇళ్లకు ఊళ్లో ఎకరమో అరెకరమో ఉంది. తక్కిన ఇళ్లల్లో పిల్లల ఫీజు కోసం పెంచుకునే రెండు మేకలైనా ఉన్నాయి.

పశువుల ఎరువులో నత్రజని నూటికి అర పాలు. గొర్రె, మేక ఎరువులో సుమారు 3 పాలు. దొడ్లో కుప్పేసి బండికెత్తి తెస్తే మూత్రమంతా దొడ్లోనే ఇంకిపోతుంది. మంద కడితే అదీ చేలోనే పడుతుంది. తెల్లారినాక పైపైన దున్నేస్తే ఎండకు సారం ఆవిరైపోదు. మా అమ్మ ఊళ్లో మంద పడిన చేనూ పడని చేనూ గట్టుకు అటూ ఇటూ చూసినాను. మొదటి వానకే తేడా తెలుస్తుంది. ఒకదాంట్లో మన్ను పొలపొలా రాలుతుంది, ఇంకోదాంట్లో పెళ్ల లేస్తుంది.

ఇందులో కిటుకు ఒకటే: కిడై ఒకే చోట నిలవదు. తిని, తొక్కి, ఎరువేసి ముందుకు పోతుంది. నేలకు మళ్లీ ఊపిరి దొరుకుతుంది. ఇడైసేవల్‌లో తెలుగింట పుట్టిన కి. రాజనారాయణన్ గారు ‘కిడై’ అనే పేరుతోనే ఒక కథ రాసినారు. 2003లో అది ‘ఒరుత్తి’ అని సినిమా కూడా అయింది. మనకింత పాతదైన ఈ పద్ధతికి దగ్గరిదే ఇప్పుడు పై దేశాల్లో కొత్త పేర్లతో నడుస్తోంది. జింబాబ్వే దేశపు ఆలన్ సేవరీ 2013లో ఒక ప్రసంగం చేసి, మందల్ని కదుపుతూ మేపితే భూమి వేడెక్కడాన్నే తిప్పికొట్టొచ్చు అన్నాడు. శాస్త్రవేత్తల్లో చాలామంది అంత దూరం ఒప్పుకోలేదు. నెమరేసే జీవాలు మీథేన్ వదులుతాయి, మట్టి దాచుకునే కర్బనానికీ ఒక హద్దుంది. అంత పెద్ద మాట మనకొద్దు. మన చేను బాగుపడితే చాలు.

చెరుపు ఎక్కడంటే, నిలిపి మేపడంలో. గడ్డి పైకి ఎంత పెరిగితే వేరు కిందికి అంత దిగుతుంది. కొరికిన పోచ తేరుకోకముందే మళ్లీ కొరికితే వేరు కుంచించుకుపోతుంది. తరువాత నేల బోడి, ఆ తరువాత సీమ కరువేలం. మన మేత పోరంబోకు గతి చూడండి. మేకలు ఏడాదంతా అక్కడే. తప్పు మేకది కాదు, తోలే మనదే.

అందుకని నాకు తోచింది చెప్తాను. పోరంబోకును నాలుగు పాళ్లు చేద్దాం. ఒక పాలు మేపుతుంటే మూడు పాళ్లు ఆగాల. వాన పడగానే మొలకమీదికి తోలొద్దు, గడ్డి ఎదగనీండి. సీమ కరువేలం కాయలు అట్లే మేపితే విత్తనం పెంటలో బయటికొచ్చి చేలో మొలుస్తుంది. కాయల్ని ఎండబెట్టి పిండి కొట్టి పెట్టండి. పారుడు రోగానికి టీకా ఉంది. మంద రాకముందే మన మేకలకు పశువుల ఆసుపత్రిలో వేయించండి.

కీదారితోనూ ముందే మాట్లాడుకోవాల: బోరుకు, ఇళ్లకు ఎంత ఎడంగా కట్టాల, ఏ చేలో ఎన్ని రాత్రులు, కూలి ఎంత, జీవాలకు టీకా వేయించినాడా లేదా. వాళ్లూ మనలాగే కడుపు చేతబట్టుకొని తిరిగేవాళ్లు. మనం షిఫ్టుకు పోతాం, వాళ్లు మంద వెనక పోతారు. ఈ నల్లనేల పత్తిని చూసే ఈ ఊళ్లకు మిల్లులు వచ్చినాయి. ఆ నేలకు తిండి పెట్టేవాణ్ణి తరిమే ముందు ఈ నెల కూటంలో ఒక్కసారి కూర్చుని మాట్లాడండి. ఆడవాళ్లు తప్పకుండా రావాల. మేకల్ని తోలేది వాళ్లే కదా.