డాక్టర్ సువర్ణ పరిశోధన పల్లెకు చేరేదెప్పుడు?

చోడవరం: పొలానికి వెళ్లిన పెద్దాయన ఇంటిదారి మరచి పక్క ఊరి గట్టున కూర్చుంటాడు. అరగంట క్రితం భోంచేసిన ముసలమ్మ, కోడలు అన్నం పెట్టలేదని వీధిలో చెబుతుంది. ఇలాంటివి ఈ ప్రాంతంలో ఏ ఊరికీ కొత్త కాదు. ‘చాదస్తం పట్టింది, వయసైపోయింది’ అని ఇంటివారు సరిపెట్టుకుంటారు. గాలి సోకిందని మంత్రం వేయించేవారూ లేకపోలేదు. బి.పి.కి, సుగరుకు మాత్రలు వేసుకునే అలవాటు పల్లెలకు వచ్చింది గాని, మతి తప్పడం కూడా మెదడుకు వచ్చే జబ్బేనన్న సంగతి ఇంకా రాలేదు.

ఈ జబ్బు మీద ప్రపంచమంతా చెప్పుకున్న పరిశోధన ఒకటి తెలుగు గడ్డ మీదనే జరిగింది. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో నరాల వైద్యురాలిగా పనిచేసిన డాక్టర్ అల్లాడి సువర్ణ, అక్కడి జ్ఞాపకశక్తి క్లినిక్కుకు వచ్చిన 648 మంది రోగుల వివరాలను తన బృందంతో కలిసి పరిశీలించారు. వారిలో 391 మందికి రెండు గాని అంతకు మించి గాని భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవారి కంటే వీరిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైనట్లు తేలింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బాక్ కూడా పాల్గొన్న ఈ పరిశోధన 2013లో అమెరికా నరాల వైద్యుల పత్రిక ‘న్యూరాలజీ’లో వెలువడింది.

అంతకుముందు కెనడాలోని టొరంటోలో ఇటువంటి ఫలితమే వచ్చింది. అయితే అక్కడ రెండు భాషలవారు చాలామంది వలస వచ్చినవారు. తేడా భాష వల్లనా, వలస వల్లనా, చదువు వల్లనా అన్న అనుమానం మిగిలిపోయింది. హైదరాబాదులో ఆ చిక్కు లేదు. తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ అక్కడ వీధిలోనే వినిపిస్తాయి. బడి ముఖం చూడని కూలీకి కూడా రెండో భాష వస్తుంది. అసలు విశేషం ఇక్కడే ఉంది. అక్షరం రాని వారిలో ఈ తేడా నాలుగున్నర కాదు, ఆరేళ్లు! చదువు లేనివాడికీ మాట ఆస్తే అన్నమాట. ఒక భాషలో మాట్లాడేటప్పుడు రెండో భాష మాటను అణచి పెట్టుకోవడం మెదడుకు నిత్యం కసరత్తు అవుతుందని శాస్త్రవేత్తల ఊహ.

రెండు భాషలు వస్తే జబ్బు రాదని ఆమె చెప్పలేదు. ఆలస్యంగా వచ్చిందని మాత్రమే చెప్పారు. ఆరోగ్యవంతులను ఏళ్ల తరబడి గమనించిన కొన్ని విదేశీ పరిశోధనల్లో ఈ తేడా కనబడలేదు కూడా. కాని పూర్తిగా నయం చేసే మందు లేని జబ్బుకు నాలుగేళ్ల గడువు చిన్నది కాదు. తాత మనవడిని పేరు పెట్టి పిలిచే నాలుగేళ్లవి.

ఈ ప్రాంతానికి ఈ విషయం మరీ దగ్గరిది. పాడేరు, మాడుగుల వైపు కొండల మీద ఆదివాసీ ఒడియా, కువి ఇంట్లో మాట్లాడి, సంతలో తెలుగు మాట్లాడేవారు ఎందరో. బేరం కోసం కొండ భాష నేర్చిన పల్లపు వర్తకులూ ఉన్నారు. అటువంటిది, కొండ దిగి వచ్చి చదువుకునే పిల్లవాడు ఇంటి భాషలో మాట్లాడితే తోటివారు నవ్వడం, వాడు సిగ్గుపడి ఆ భాషనే మానుకోవడం శోచనీయం. ఇంగ్లీషు నేర్పాలి, నిజమే. ఉన్నదాన్ని పోగొట్టి నేర్పనక్కరలేదు.

దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మందికి, ఈ జబ్బు ఉన్నట్లు 2023లో వెలువడిన ఒక పెద్ద సర్వే అంచనా వేసింది. ఆడవారిలో, చదువు లేనివారిలో, పల్లెల్లో ఎక్కువట. జబ్బు ఎక్కువున్న చోటనే పరీక్ష లేదు! తర్వాత బెంగళూరు నిమ్‌హాన్స్‌కు మారిన డాక్టర్ సువర్ణ, భారత వైద్య పరిశోధన మండలి తరఫున మతిమరుపు పరీక్షలను తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో రూపొందించిన బృందంలో ముఖ్యులు. పరీక్ష తెలుగులో ఉన్నా తెలుగు పల్లెకు రాకపోతే ప్రయోజనమేమిటి?

మతిమరుపంతా మందులేని జబ్బు కూడా కాదు. థైరాయిడ్ తగ్గినా, బి12 విటమిన్ లోపించినా మతి మందగిస్తుంది. ఇవి రక్త పరీక్షలో తేలతాయి, మందుతో కుదుటపడవచ్చు. చాదస్తమని వదిలేసిన వారిలో ఇటువంటివారు ఉండరని ఎవరు చెప్పగలరు?

పెద్ద ఖర్చు అక్కరలేదు. నెల నెలా పింఛను ఇచ్చే సిబ్బంది ముసలివారిని గుమ్మంలోనే చూస్తున్నారు. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరుగుతున్నది. నిన్న ఏ కూర తిన్నారు, సంత ఏ రోజు అని ఈ ప్రాంతపు మాటలో అడిగి అనుమానం ఉన్నవారిని గుర్తించేలా వీరికి తర్ఫీదు ఇవ్వాలి. కంటి క్యాంపు పెట్టినట్లే నెలకొక రోజు విశాఖ నుంచి నరాల డాక్టరును చోడవరం ప్రభుత్వాసుపత్రికి రప్పించే ఏర్పాటును వైద్య శాఖ అధికారులు చేయాలి. దారి మరచిన మనిషిని బస్సులో కె.జి.హెచ్. దాకా పట్టుకుపోవడం కూలి చేసుకునే కుటుంబానికి రెండు రోజుల పని.