తీర్పు గెలిచినా తప్పని రెండో వ్యాజ్యం

1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులు గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాలను మూడో జోన్‌గా చేర్చాయి. ఇక్కడి ప్రభుత్వోద్యోగి సీనియారిటీ, పదోన్నతి వివాదాలకు 1976లో ఏర్పాటైన పరిపాలనా ట్రైబ్యునలే నాడు దిక్కు. హైదరాబాద్‌ వెళ్లి గెలిచినా, 371-డి అధికరణం అయిదో క్లాజు కింద ప్రభుత్వం మూడు నెలల్లోగా ఆ తీర్పును రద్దు చేయవచ్చు. ప్రతివాదే తీర్పరి అన్నమాట! సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1986 డిసెంబరులో ఆ క్లాజును కొట్టివేసింది. 1997 నాటి చంద్రకుమార్‌ తీర్పు ట్రైబ్యునల్‌ ఉత్తర్వులపై హైకోర్టు సమీక్షకు దారి తెరిచింది.

2019లో హైకోర్టు అమరావతికి వచ్చింది. అనంతరం ట్రైబ్యునల్‌ రద్దై వ్యాజ్యాలూ అక్కడికే చేరాయి. ఒంగోలు ఉద్యోగికి దూరం తగ్గింది. అయితే తీర్పును రద్దు చేయలేని శాఖ, అమలును సాగదీయగలదు. అప్పుడు కోర్టు ధిక్కరణ పిటిషనే శరణ్యం. అమలు గడువును, బాధ్యుడైన అధికారి హోదాను తీర్పులోనే పేర్కొంటే ఈ రెండో వ్యాజ్యం చాలావరకు తప్పుతుంది.