రాజీ కుదిరితే చాలదు, గాయం మానాలి
అమెరికా విశ్వవిద్యాలయాల అనుభవం మన పల్లెలకు చెప్పేదేమిటి?

గట్టు తగాదాలో రెండు తలలు పగిలితే రెండు కేసులు పుడతాయి. ఒకటి కేసు, రెండోది ఎదురు కేసు. ఆపైన ఏళ్ల తరబడి వాయిదాలు. బస్సు చార్జీలకు, ప్లీడరు ఫీజులకు పంట సొమ్ము కరిగిపోతుంది. తీరా తీర్పు వచ్చాక ముద్దాయికి శిక్ష పడినా, కేసు కొట్టివేసినా దెబ్బ తిన్నవాడికి ఒరిగేది తక్కువే. క్రిమినల్ కేసు నడిపేది ప్రభుత్వం. గాయపడినవాడు కోర్టులో ప్రధానంగా ఒక సాక్షి. బోనెక్కి, అడిగిన దానికి జవాబు చెప్పి దిగిపోవాలి. "నన్నెందుకు కొట్టావు?" అని ముద్దాయిని నిలదీసే సందర్భం అతనికి దొరకదు.

ఈ లోటు మనకొక్కరికే లేదు. దీన్ని ఎలా పూడ్చాలన్న విషయంపై అమెరికాలోని కొన్ని విశ్వవిద్యాలయాల అధ్యాపకులు మూడు దశాబ్దాలకు పైగా కృషి చేస్తున్నారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1994లో మార్క్ అంబ్రైట్ అనే ఆచార్యుడు ఇందుకోసం ప్రత్యేక కేంద్రం నెలకొల్పారు. వర్జీనియాలోని ఈస్టర్న్ మెనోనైట్ విశ్వవిద్యాలయంలో హోవర్డ్ జెర్ అనే మరో ఆచార్యుడు ఈ విద్యను బోధించారు. లైబీరియాలో అంతర్యుద్ధం ఆగడానికి మహిళలను కూడగట్టి, 2011లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న లేమా గ్బోవీ అక్కడ చదువుకున్నవారే. ఈ పద్ధతిని పునరుద్ధరణ న్యాయం అంటున్నారు. జరిగిన నష్టాన్ని, తెగిన సంబంధాన్ని బాగుచేసే న్యాయమని దీని భావం.

బాధితుల గుమ్మం ముందు

దీనికి నాంది పలికింది మాత్రం విశ్వవిద్యాలయం కాదు. 1974లో కెనడాలోని ఎల్మైరా అనే చిన్న పట్టణంలో ఇద్దరు యువకులు తాగిన మైకంలో ఒకే రాత్రి 22 చోట్ల ఆస్తులు ధ్వంసం చేశారు. వారిని జైలుకు పంపే బదులు బాధితుల ఇళ్లకు తీసుకువెళితే మేలని ఒక ప్రొబేషన్ అధికారి సూచించగా జడ్జి అంగీకరించారు. కుర్రాళ్లిద్దరూ గుమ్మం గుమ్మానికీ వెళ్లి తప్పు ఒప్పుకున్నారు. ఎవరికెంత నష్టమో తెలుసుకుని, కొన్ని నెలల్లో సొమ్ము చెల్లించారు. న్యూజిలాండ్ 1989లో ఏకంగా చట్టమే చేసింది. బాల నేరస్తుల కేసుల్లో ఇరు కుటుంబాలు కూర్చుని మాట్లాడుకునే సమావేశానికి అందులో ఏర్పాటు చేశారు. అక్కడి మావోరీ తెగల ఆచారమే దీనికి ప్రేరణ.

ఈ పద్ధతి ఫలితమిస్తుందా అన్నది అంబ్రైట్ బృందం పరిశీలించింది. నాలుగు అమెరికా నగరాల్లో బాల నేరస్తుల కేసులను చూశారు. ముఖాముఖి మాట్లాడిన బాధితుల్లో నూటికి 79 మంది తృప్తి చెందగా, మామూలు కోర్టు దారిలో వెళ్లిన వారిలో 57 మందే తృప్తి చెందారు. ఒప్పుకున్న పరిహారం పూర్తిగా చెల్లించినవారు ముఖాముఖి కేసుల్లో నూటికి 81 మంది, కోర్టు ఆజ్ఞ మీద చెల్లించినవారు 58 మంది. అయితే ముఖాముఖికి వచ్చినవారంతా ఇష్టపడి వచ్చినవారేనన్న సంగతి మరువరాదు.

రచ్చబండకు, దీనికి తేడా

ఇందులో కొత్తేముంది, మా ఊళ్లో పెద్దమనుషులు చేసేదీ ఇదే కదా అని పాఠకులు అనవచ్చు. పైకి ఒకటిగానే కనిపిస్తుంది. లోపల మూడు తేడాలున్నాయి. మొదటిది, ముద్దాయి ముందుగా తప్పు ఒప్పుకోవాలి. ఒప్పుకోనివాడిని బాధితుడి ఎదుట కూర్చోబెట్టరు. రెండవది, బాధితుడికి ఇష్టం లేకుంటే సమావేశమే లేదు. మధ్యలో లేచి వెళ్లిపోయినా అడిగేవారుండరు. మూడవది, మధ్యవర్తి తీర్పు చెప్పడు. ముందుగా ఇరువురినీ విడివిడిగా, అవసరమైతే పలుమార్లు కలుసుకుంటాడు. ఎదురెదురుగా కూర్చున్నాక తాను తక్కువ మాట్లాడి వారిచేత మాట్లాడిస్తాడు.

మన రచ్చబండ మీద తరచు జరిగేది వేరు. మోతుబరి నోటి మాటే తీర్పు. కూలివాడైతే తిన్న దెబ్బకు ఇంత అని లెక్కగట్టి చేతిలో పెట్టి, "ఇక నోరెత్తకు" అంటారు. ఆడవారి సంగతి వారిని అడగకుండానే తేల్చేస్తారు. డిపాజిట్టు సొమ్ము పెద్దల దగ్గరే ఉండిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఆ రోజుకు ఊరు సద్దుమణుగుతుంది గాని కక్ష చావదు. బలవంతుడి మాట నెగ్గించి దానికి శాంతి అని పేరు పెడితే అది న్యాయం కాజాలదు.

చట్టం కూడా హద్దులు గీసింది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 359వ సెక్షన్ ఏ నేరాలకు రాజీ చెల్లుతుందో జాబితా ఇచ్చింది. అత్యాచారం కేసుల్లో రాజీ పనికిరాదని సుప్రీంకోర్టు 2013లోను, 2015లోను స్పష్టం చేసింది. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింది నేరాలూ ఆ జాబితాలో లేవు. అటువంటి వాటిని చెట్టు కింద తేల్చే అధికారం ఏ పెద్దమనిషికీ లేదు.

రాజీకి వీలున్న కేసులకు లోక్ అదాలత్ ఉంది. అక్కడి పరిష్కారానికి కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిపై అప్పీలు ఉండదు. కనుక సంతకం చేసే ముందే ఆలోచించుకోవాలి. ఎన్ని కేసులు తెగాయన్న లెక్కతోపాటు ఎన్ని గాయాలు మానాయన్న లెక్క కూడా చూస్తే మేలు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. ఫోను నంబరు 15100.

రాజీ కాగితం మీద వేలిముద్ర వేయమన్నప్పుడు ఎవరైనా మూడు ప్రశ్నలు వేసుకోవాలి. అవతలివాడు తప్పు ఒప్పుకున్నాడా? నా మాట ఎవరైనా పూర్తిగా విన్నారా? వద్దని చెప్పినా ఊళ్లో నాకు ఇబ్బంది రాదా? మూడింటికీ అవును అన్న జవాబు వస్తేనే అది నిజమైన రాజీ.