ఒడ్డెక్కిన పడవకు నీడ ఏదీ?

ఏప్రిల్ 15 వచ్చిందంటే మన తీరంలో మరబోట్లు, ఇంజను పడవలు ఒడ్డెక్కవలసిందే. జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషిద్ధం. 2015కు ముందు ఇది 47 రోజులే. చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపడం మంచిదే. కాని ఎండలు మండిపోయే రోజులు కూడా అవే. చేపకు రక్షణ దొరికింది, పడవకు మాత్రం దొరకలేదు.

చెక్క పడవకు నీటిలో వున్నంత కాలం పురుగు భయం, ఒడ్డెక్కితే ఎండ భయం. అడుగు గీకి, పట్టిన గుల్లలు రాల్చి, బాగా ఆరనిస్తే పురుగు చస్తుంది. ఆ తరువాత కూడా ఎండలోనే వదిలేస్తే పలకలు కుంచించుకుపోయి సందులు విచ్చుకుంటాయి. అందుకే తాటాకు గాని, కొబ్బరాకు గాని కప్పి, ఉదయం సాయంత్రం ఉప్పునీరు చల్లాలి. మంచినీటి తడి చెక్కను కుళ్ళబెడుతుంది.

ఫైబరు పడవకు ఏమీ కాదనుకోవడం పొరపాటు. ఎండకు దాని పైపూత పెళుసెక్కి పగుళ్ళిస్తుంది. ఎగుడు దిగుడు ఇసుకలో వదిలితే అడుగు వంకర పోతుంది. కింద దుంగలు సమంగా పెట్టాలి. వాన నీరు నిలవకుండా అడుగు బిరడా తీసి వుంచాలి. ఇంజనులో ఉప్పు పేరుకోకముందే మంచినీటితో కడగాలి. పాత ఆయిలు మార్చాలి. నైలాను వలలకు కూడా ఎండ శత్రువే. వాటిని ఇంటి నీడన దాచాలి.

ఇవన్నీ జాలరులకు తెలియని సంగతులు కావు. అయితే చేతిలో డబ్బు వుండదు. ఉప్పాడ వంటి చోట్ల సముద్రపు కోతకు ఒడ్డే తరిగిపోయి, పడవ లాగడానికి చోటే కరువు. దానితో మరమ్మతు జూన్ రెండో వారానికి వాయిదా పడుతుంది. ఊరందరికీ ఒకే వడ్రంగి, అప్పుకు ఒకే వ్యాపారి. ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వినట్లు ఆదరాబాదరాగా సందులు పూసుకుని వేటకు వెళితే, నడిసముద్రంలో నీరెక్కేది ఆ పడవలోకే. ప్రాణం మీదికి వచ్చేది అందులోని నలుగురైదుగురికే.

2025లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధ కాలపు సహాయాన్ని కుటుంబానికి 10 వేల నుంచి 20 వేల రూపాయలకు పెంచింది. సంతోషమే. కాని ఆ సొమ్ము ఇంటి ఖర్చుకే చాలీచాలనిది. అది ప్రతి యేడూ ఏప్రిల్ మొదటి వారంలోనే చేతికందితే, కొంతైనా పడవకు మిగులుతుంది. పంచాయతీలు, మత్స్యకార సహకార సంఘాలు కలిసి రేవు దగ్గర ఒక పాకల వరుస, ఒక మంచినీటి కుళాయి ఏర్పాటు చేస్తే మరీ మంచిది. ఇది పెద్ద ఖర్చు కాదు. పడవ పోయిన కుటుంబానికి మళ్ళీ పడవ కొనివ్వడంకన్న, వున్న పడవకు నీడ ఇవ్వడం చవక.