సమ్మతి ఎవరిది?

మహారాష్ట్రలోని భివండీ పద్మనగర్‌లో రాత్రి పాళీకి పోయిన తండ్రి ఇల్లు చేరేసరికి పిల్లలు బడికి తయారవుతుంటారు. పన్నెండు గంటలు సాంచాల (మరమగ్గాల) మోతలో నిలబడి వచ్చినవాడికి నిద్ర కావాలి. ‘పిల్లలు ఫోనులో ఏం చూస్తున్నారో కనిపెట్టండి’ అని బడివాళ్లు చెబితే ఆయన ఎప్పుడు కనిపెడతాడు? పైగా తెలంగాణ పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డ ఈ ఇళ్లలో ఫోను బాగా తెలిసింది పిల్లలకే. గ్యాస్ బుకింగు, ఊరికి డబ్బు పంపడం, ఓటీపీ చదివి చెప్పడం అన్నీ వాళ్ల పనే.

ఇక చట్టం సంగతి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి వివరాలు వాడాలంటే కంపెనీ తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవాలి. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ఈ భాగం అమలుకు 18 నెలల గడువిచ్చారు. బాగానే ఉంది. నాన్న ఫోనుకు సమ్మతి అడుగుతూ మెసేజీ వస్తే తెరిచేదెవరు? ఎనిమిదో తరగతి కూతురే కదా! ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపు వారికి సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చూసే పూచీ కంపెనీలకే అప్పగించింది. అది ఎంతవరకు సాగుతుందో గానీ, భారం మోయాల్సిన నెత్తిని మాత్రం సరిగ్గా పట్టుకుంది.

ఇక్కడా ఆ భారం కంపెనీల నెత్తికెక్కేదాకా మన బళ్లు ఏం చేయాలి? ఫొటో మార్చి ఎవడో బెదిరిస్తున్నాడని ఆడపిల్ల ఇంట్లో చెబితే ముందు ఫోను లాక్కుంటారు, తర్వాత బడి మానిపిస్తారు, ఆపై సంబంధాలు వెతుకుతారు. అది తెలిసే ఆమె నోరు మెదపదు. బెదిరించేవాడి బలమంతా అక్కడే ఉంది. అందుకే ప్రతి బడిలో ఆమె ధైర్యంగా చెప్పుకోగల టీచరు ఒకరుండాలి, తెలుగొచ్చినవారైతే మరీ మంచిది. మెసేజీలు చెరపొద్దని, డబ్బు కట్టొద్దని ఆ టీచరు చెప్పగలగాలి. డబ్బు పోతే 1930కి, పిల్లల ఆపదకు 1098కి ఫోను చేయించాలి. ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మన ఫోను దాటకుండానే దానికో గుర్తు తయారుచేస్తుంది, ఆ గుర్తుతో అందులో చేరిన కంపెనీలు తమ దగ్గరున్న ప్రతులను తీసేస్తాయి. బడి పరువు పోతుందని హెడ్మాస్టరు కప్పిపెట్టడానికీ వీల్లేదు. పిల్లలపై లైంగిక నేరం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటోంది.

తల్లిదండ్రుల మీటింగు సాంచాలు బందుండే రోజు, తెలుగులో పెట్టండి. కరపత్రాలు తర్వాత పంచవచ్చు. ముందు ప్రతి తండ్రి చేత, పిల్లల ఎదుటే, ఒక మాట అనిపించండి: ‘చెప్పినందుకు ఫోను గుంజుకోను, బడి మానిపించను.’