సాంకేతిక దర్శిని: ఇంటిదొంగ

2025 నవంబరులో ఢిల్లీ ఇందిరాగాంధీ విమానాశ్రయ పరిసరాలలో కొన్ని విమానాలకు నకిలీ జి.పి.ఎస్. సంకేతాల బెడద ఎదురైన సంగతి పాఠకులకు విదితమే. జి.పి.ఎస్. సాయంతో 10వ నంబరు రన్‌వేకు దిగవచ్చిన ఆ విమానాలు ప్రత్యామ్నాయ పద్ధతులను అనుసరించాయని పౌర విమానయాన మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు ఆ డిసెంబరు 1న రాజ్యసభకు తెలిపారు. బయటినుండి వచ్చే అటువంటి సంకేతాల మూలాన్ని వెదకవలసినది ప్రభుత్వ యంత్రాంగం. మేము ఈ సంచికలో ముచ్చటింపదలచినది మాత్రం ఇంటిదొంగను గురించి. అనగా, ఉపగ్రహ సంకేతాన్ని అందుకొనవలసిన పరికరమే తన రొదతో దానిని ముంచివేయడం గురించి.

జి.పి.ఎస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్నాయి. ఒక వాట్టును వంద కోట్ల కోట్ల భాగాలు చేస్తే, వాటి సంకేతంలో మన యాంటెన్నాకు చేరేది ఇంచుమించు ఒక్క భాగం. రిసీవరులో సహజంగా ఉండే ఉష్ణ రొదకంటె కూడా ఇది సుమారు నూరురెట్లు బలహీనం. తిరునాళ్ళ సందడిలో తల్లి గొంతును బిడ్డ గుర్తుపట్టినట్లు, ముందే తెలిసిన సంకేతలిపి ఆధారంగా రిసీవరు దానిని పోల్చుకుంటుంది. ఆ సందడికి మరికొంత తోడైతే పోలిక తప్పుతుంది.

కొన్నేళ్ళ క్రిందట వాహనాలలో అమర్చే ఒక స్థానసూచక పరికరం మా వద్దకు పరీక్షకు వచ్చింది. యాంటెన్నాను తీగతో దూరంగా ఉంచితే స్థానం చక్కగా తెలిసేది. పెట్టెలో బిగించి మూత వేయగానే సంకేత నాణ్యత 44 డెసిబెళ్ళ నుండి 34కు, అనగా పదోవంతుకు, పడిపోయేది. తయారీదారులు యాంటెన్నాను తప్పుపట్టి, మరింత శక్తిమంతమైన ఆంప్లిఫయరు పెట్టారు. ఫలితం లేకపోయింది. ఆంప్లిఫయరు సంకేతాన్నీ రొదనూ సమానంగానే పెంచుతుంది కదా!

ఒక్కొక్క విభాగాన్నే ఆపుతూ పోగా, నెట్‌వర్క్ విభాగాన్ని ఆపినపుడు నాణ్యత తిరిగి వచ్చింది. అందులో 25 మెగాహెర్ట్జ్ గడియారపు స్ఫటికం ఉన్నది. చతురస్ర తరంగం తన మూల పౌనఃపున్యంతో పాటు దాని గుణిజాలను కూడా వెదజల్లుతుంది. 25ను 63తో హెచ్చవేస్తే 1575. జి.పి.ఎస్. సంకేతపు పౌనఃపున్యం 1575.42 మెగాహెర్ట్జ్. దొంగ సరిగా గడపలోనే కూర్చున్నాడు!

ఇటువంటి చోట ఫిల్టరు కూడా పనికిరాదు. ఫిల్టరు ఇరుగుపొరుగు పౌనఃపున్యాలను ఆపగలదే కాని, సంకేతపు పౌనఃపున్యంలోనే ఉన్న రొదను వేరుచేయలేదు. కనుక రొదను పుట్టినచోటనే అణచాలి. ఆ పరికరంలో గడియారపు దారిని కురుచచేసి, దానితో వరుసలో చిన్న నిరోధకాన్ని చేర్చి తరంగపు అంచులను మెత్తబరిచారు. నెట్‌వర్క్ విభాగంపై లోహపు కప్పు వేసి, దాని అంచులన్నింటినీ భూతలానికి అతికారు. యాంటెన్నాను పెట్టె రెండవ కొసకు జరిపారు. నాణ్యత 43కు చేరింది. ఈ పనులన్నింటికీ అయిన వస్తువుల ఖర్చు స్వల్పమే. కాని అచ్చయిన సర్క్యూట్ బోర్డులను పారవేసి, కొత్తవి చేయించుకొనడానికి నెలలు పట్టింది. నమూనా గీసేనాడే గడియారాల గుణిజాలను లెక్కవేసుకొని ఉంటే ఈ నష్టం తప్పేది. మన నావిక్ వాడే 1176.45 మెగాహెర్ట్జ్‌కు కూడా ఇదే లెక్క అవసరం.

ఇది కేవలం ఇంజనీర్ల ముచ్చట కాదు. కొత్తగా నమోదయ్యే బస్సులు, టాక్సీల వంటి ప్రజారవాణా వాహనాలలో స్థానసూచక పరికరము, ఆపద మీట 2019 జనవరి 1 నుండి తప్పనిసరి అయ్యాయి. రాత్రివేళ ఒంటరిగా ప్రయాణించే మన ఆడపడుచు ఆ మీట నొక్కినపుడు, సహాయం పక్కవీధికి పోరాదు. ఆ భారం బోర్డు గీసే యువ ఇంజనీరు చేతిలో ఉన్నది.

చదువరులకు చిన్న సూచన. కారులో మ్యాపు దారితప్పుతుంటే ఫోనును నిందించే ముందు, దాని పక్కనున్న చవక చార్జరునో, కెమెరానో ఒకసారి ఊడదీసి చూడండి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగను మాత్రం ఒక్కొక్క మీటా ఆపుతూ పోతే మనమే పట్టుకోవచ్చు.