రోహిణికి ముందే జీలుగ చేరాలి

2025 వానాకాలంలో తెలంగాణ సొసైటీల ముందు రైతులు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి యూరియా కోసం పడిగాపులు కాశారు. కేటాయింపుల మీద, దిగుమతుల మీద కావలసినంత రాజకీయం నడిచింది. అంతకు ముందు వేసవిలో అవే పొలాలు ఉత్తగా ఎండిన సంగతిని మాత్రం పెద్దగా ఎవరూ ఎత్తలేదు.

యాసంగి వరి కోతలు ఏప్రిల్, మే నెలల్లో ముగుస్తాయి. కాలువ కింద నాట్లు చాలాచోట్ల జూలైలో గానీ పడవు. ఈ మధ్యకాలంలో నేలకు ఏ కప్పూ ఉండదు. పైగా హార్వెస్టర్ వదిలిన కొయ్యకాళ్లకు నిప్పు పెట్టడం ఒకటి. అదే అదనులో ఎకరానికి పది పన్నెండు కిలోల పచ్చిరొట్ట విత్తనం జీలుగ చల్లి, పూతకొచ్చే వేళకు, అంటే దాదాపు 45 రోజులకు, కలియదున్నితే నేల తీరే మారుతుంది. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలి నుంచి పట్టిన నత్రజని వరికి అందుతుంది. పైరు ఏపుగా ఎదిగితే అది ఒక బస్తా యూరియాలోని నత్రజనికి తీసిపోదు. నేలను గుల్లబరిచే సేంద్రియ పదార్థం అదనం. అది ఏ బస్తాలోనూ దొరకదు. చౌడుకు జీలుగ, మేతా కావాలంటే పిల్లిపెసర అని రైతుకు కొత్తగా పాఠం చెప్పనక్కర్లేదు.

పాఠం అవసరమైంది అధికారులకే. మే నెలాఖరున రోహిణి కార్తె వస్తుంది. తొలి జల్లుకే విత్తనం పడాలి. జూన్ మధ్యలో సొసైటీకి దిగిన జీలుగ జూలై నెలాఖరుకు గానీ దున్నే దశకు రాదు. కాలువకు నీళ్లొచ్చాక పచ్చిరొట్ట కోసం నాటు ఆపుకునే రైతు ఉంటాడా? అదను తప్పిన విత్తనంపై ఎంత సబ్సిడీ ఇచ్చినా దండగే. టెండర్లు జనవరిలో ముగించి, మే 15 నాటికి ప్రతి మండలంలో నిల్వ ఉంచాలి.

అంతకంటే పెద్ద చిక్కు కౌలు. పాసుపుస్తకం చూపితేనే సబ్సిడీ విత్తనం అంటే, దున్నేవాడు ఉత్త చేతులతో వెనుదిరగాల్సిందే. కౌలు రైతుల కోసం ఆంధ్రప్రదేశ్ తెచ్చిన 2019 చట్టంలోనూ సాగుదారు కార్డుకు భూయజమాని అంగీకారం తప్పనిసరి చేశారు. వచ్చే ఏడు ఈ చెక్క తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి నేల బాగు కోసం ఎందుకు ఖర్చు పెట్టాలి? కౌలుదారుకు పచ్చిరొట్ట విత్తనం ఉచితంగా, ఊళ్లోని వ్యవసాయ సిబ్బంది ధ్రువీకరణ మీదే ఇవ్వాలి.

వేసవిలో తడి ఎక్కడిదన్న ప్రశ్న న్యాయమైనదే. ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సాగు రైతులు దానికి దారి చూపారు: విత్తనాలకు మట్టి, బీజామృతం పట్టించి వానకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లుతున్నారు. 2024లో అంతర్జాతీయ గుల్బెంకియన్ పురస్కారం పంచుకున్నది ఆ రాష్ట్ర ప్రకృతి సాగు కార్యక్రమమే. ఊరి పశువులు విచ్చలవిడిగా తిరిగే నెలల్లో ఒంటరిగా పచ్చబడిన మడి మిగలదు కనుక, విత్తడం, కాపు ఊరంతా కలిసి అనుకోవాలి. ఆ పని పంచాయతీలది.

యూరియాను రాత్రికి రాత్రి ఆపమనడం లేదు. 2021లో రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించి శ్రీలంక ఏం అనుభవించిందో చూశాం. మేమడిగేది యూరియా లెక్కలు అడిగినంత గట్టిగా జీలుగ లెక్కలూ అడగమని. ఏ జిల్లాకు విత్తనం ఏ తేదీన చేరిందో, ఆలస్యానికి ఎవరు బాధ్యులో ఏటా జూన్ మొదటి వారంలోనే వ్యవసాయ శాఖలు బయటపెట్టాలి.